ఏడంగుళాల పెట్టెలో అరవై డిస్కులు

మా లైన్లో ఉన్నవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. ఏ పెట్టె చూసినా "ఇందులో ఎన్ని పడతాయి?" అని అడుగుతాం. అమ్మేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే వాళ్ళ బ్రోచర్లో మొదటి పేజీ మీద ఆ అంకే పెద్దక్షరాల్లో ఉంటుంది.

మొన్నామధ్య ఇక్కడ అమెరికాలోనే ఒక చిన్న సంస్థకి స్టోరేజి ఎంచిపెట్టే పని తగిలింది. స్కానింగ్ సెంటర్లు పంపే ఎక్స్‌రేలూ, ఎమ్మారైలూ దాచి, డాక్టర్లు అడిగినప్పుడు ఇవ్వడం వాళ్ళ వ్యాపారం. అడిగే డాక్టరు బల్ల మీద పేషెంటుని పెట్టుకుని అడుగుతుండొచ్చు. "రేపు రండి" అంటే కుదరదన్నమాట.

తెలియనివాళ్ళ కోసం ఓ రెండు ముక్కలు. డేటా సెంటర్లో సర్వర్లు బిగించే ఇనప బీరువాని ర్యాక్ అంటారు. దాని ఎత్తుని 'యూ'ల్లో కొలుస్తారు. ఒక యూ అంటే 1.75 అంగుళాలు. మామూలు ర్యాకులో 42 యూలుంటాయి. మా ముందున్నవి రెండు దారులు. 4 యూల పెట్టె ఒకటి, అంటే ఏడంగుళాల ఎత్తు, అందులో 60 డిస్కులు. లేదా 2 యూల పెట్టెలు ఐదు, ఒక్కోదాంట్లో 12 డిస్కులు. ఎలా చూసినా 18 టెరాబైట్ల డిస్కులు అరవై, మొత్తం 1080 టెరాబైట్లు. మొదటిదానికి 4 యూలు, రెండోదానికి 10.

ఈ ఇరికించే పందెం కొత్తదేం కాదు. 2006లో సన్ కంపెనీ 'థంపర్' అనే పెట్టె తెచ్చింది. 4 యూల్లో 48 డిస్కులు, 24 టెరాబైట్లు. అప్పట్లో నోళ్ళు వెళ్ళబెట్టాం. 2009లో బ్యాక్‌బ్లేజ్ వాళ్ళు 45 డిస్కులతో 67 టెరాబైట్ల పెట్టెని 7,867 డాలర్లకే చేసుకుని, ఎలా చేశారో లోకానికంతా చెప్పేశారు. ఇప్పుడదే 4 యూల్లో 90 డిస్కులు పట్టేవి కూడా దొరుకుతున్నాయి.

సర్వర్లు ఇరికిస్తే బిల్లు కరెంటు రూపంలో వస్తుంది. 2024లో ఎన్విడియా ప్రకటించిన 72 జీపీయూల ర్యాక్ ఒక్కటే సుమారు 120 కిలోవాట్లు లాగుతుంది, దాన్ని చల్లబరచడానికి గాలి చాలదు, ద్రవం పారించాలి. మాలాంటివాళ్ళు అద్దెకి తీసుకునే ర్యాకుకి ఇచ్చేది ఐదో, పదో కిలోవాట్లు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో డేటా సెంటర్ ప్రకటించినప్పుడు కూడా మాట్లాడింది గిగావాట్లలోనే, చదరపు గజాల్లో కాదు.

డిస్కుల సంగతి వేరు. ఒక్కోటి ఎనిమిది వాట్లు తింటుందనుకున్నా అరవైకీ కలిపి ఐదొందల లోపే. పైగా ఐదు మదర్‌బోర్డుల బదులు ఒకటే కాబట్టి, ఇరికించిన పెట్టెకే కరెంటు తక్కువ. ధరా తక్కువే. మరి బిల్లు ఎక్కడొస్తుంది? గంటల్లో వస్తుంది.

థంపర్ కాలపు 500 జీబీ డిస్కు మొత్తం నింపడానికి, సెకనుకి 70 మెగాబైట్ల లెక్కన రెండు గంటలు. ఇప్పటి 18 టెరాబైట్ల డిస్కుకి, సెకనుకి 250 వేసుకున్నా ఇరవై గంటలు. కడుపు 36 రెట్లు పెరిగింది, నోరు నాలుగు రెట్లు కూడా పెరగలేదు. డిస్కు పోయి కొత్తది పెడితే, అది నిండేదాకా గుండె చేత్తో పట్టుకుని కూర్చోవాలి. డిస్కు పోతే ఈ మాత్రం. పెట్టే పోతే?

క్లయింటు అదే అడిగాడు. "మదర్‌బోర్డు పోవడం మీరెన్నిసార్లు చూశారు?"

"చాలా తక్కువ."

"మరి ఆరు యూలు ఎందుకు వృథా?"

"మీ ర్యాకులో సగానికి పైగా ఖాళీయే కదండీ. మీరు మిగుల్చుకునేది గాలి. ఆ పెట్టె ఆగిన రోజున స్పేర్ పార్టు వచ్చేదాకా డాక్టర్లకి మీరేం చెప్తారు?"

బ్యాక్‌బ్లేజ్ వాళ్ళ పెట్టె గురించి చదివినవాళ్ళు చాలామంది, 2015లో వాళ్ళు చెప్పిన రెండో సంగతి పట్టించుకోరు. అప్పట్లో వాళ్ళు ఒక్కో ఫైలునీ 20 పెట్టెల్లో పరిచేవారు. 17 ముక్కలు డేటా, 3 ముక్కలు అదనపు రక్షణ. ఏ మూడు పెట్టెలు పోయినా ఫైలు క్షేమం. అంటే కిక్కిరిసిన పెట్టెని వాళ్ళు నమ్మలేదు, పెట్టెల గుంపుని నమ్మారు. ఆ గుంపు లేకుండా ఒక్క పెట్టె కొనుక్కొచ్చి "వాళ్ళు వాడట్లేదా!" అంటే ఎలా?

చిన్నవాళ్ళకి ఈ లెక్క ఖరీదే. ఇరవై పెట్టెలున్నవాళ్ళకి ఆ ధీమా 15 శాతం స్థలంతో వస్తుంది. ఐదు పెట్టెల్లో ఏ రెండు పోయినా నడవాలంటే 40 శాతం వదులుకోవాలి. 1080లో చేతికొచ్చేది 648. అదే ఒక్క పెట్టెలో ప్రతి పది డిస్కులకీ రెండు రక్షణకి వదిలితే 864 మిగిలేది. వాళ్ళకి కావలసింది 600. కాబట్టి నేను ఐదు పెట్టెలే రాసిచ్చాను. కరెంటు దాదాపు రెట్టింపు అవుతుందనీ, ఇది బ్యాకప్ కాదనీ, ఇంకో ఊళ్ళో ఇంకో కాపీ ఉండాల్సిందేననీ కూడా రాశాను. ఆయన రెండ్రోజులు గొణిగి సంతకం పెట్టాడు.

వందల పెట్టెలు కొనే స్థోమత ఉంటే ఇరికించిన పెట్టెలే కొనండి, అంతకంటే చవక లేదు. ఒకటే కొనగలిగితే మాత్రం "ఎన్ని పడతాయి?" అనేముందు "ఇది ఆగితే ఏమేం ఆగుతాయి, ఎన్ని గంటలు?" అని అడగండి. బ్రోచర్లో ఆ అంకె ఉండదు. మీరే కాగితం మీద వేసుకోవాలి, అరగంట పని.