నడక ముచ్చట్లు – 9: అడక్కుండా నడిచే దారి



పోయిన భాగం చదివి ఇద్దరు ముగ్గురు తమ్ముళ్లు ఫోన్ చేశారు. "అన్నా, కొండలెక్కడాలు, ట్రెక్కింగులు డబ్బున్నోళ్ల సరదా. మన ఉద్యమానికీ దానికీ ఏంటి సంబంధం?" అని. సరదాయే, కాదనను. మాంచెస్టర్‌లో చదువుకునేటప్పుడు ఆదివారాలు నేను కొండలకి పోయింది సరదాకే. రైలు టికెట్టు, డబ్బాలో పులిహోర, ఒక వాటర్ బాటిల్. అంతకంటే చవకైన సరదా ఆ దేశంలో నాకు దొరకలేదు. కానీ ఆ కొండల కింద పొలాల్లో నడుస్తుంటే మన పేటలకి పనికొచ్చే సంగతి ఒకటి తెలిసింది. అందుకే ఈ భాగం.

మాంచెస్టర్ నుంచి షెఫీల్డ్ పోయే రైలు దారిలో ఎడేల్ అని చిన్న స్టేషన్. దిగితే ఒక లోయ. లోయలో నో అనే నది. నది అని పేరే గానీ మన దగ్గరైతే వాగు అంటాం. ఉత్తరాన కిండర్ స్కౌట్ కొండ, ఎత్తు 636 మీటర్లు. దక్షిణాన మామ్ టోర్ నుంచి పొడుగ్గా సాగే కొండగట్టు. పెన్నైన్ వే అనే సుమారు 430 కిలోమీటర్ల కాలిబాట ఈ ఊళ్లోనే మొదలవుతుంది. ఊరి పబ్బు దాటామో లేదో, దారి కొండ అంచు వెంట పొలాల్లోకి పోతుంది. గొర్రెలు మేస్తుంటాయి. పొలానికీ పొలానికీ మధ్య రాతిగోడ, గోడకి చిన్న గేటు. తడి నేల ఉన్నచోట కాలి కింద పెద్ద పెద్ద బండలు పరిచారు. పెన్నైన్ వే మీద పరిచిన బండల్లో చాలా భాగం మూతపడిన నూలు మిల్లుల నుంచి తెచ్చినవి. ఆ మిల్లులు మన మగ్గాల్ని ఏం చేశాయో ఇంకోసారి రాస్తా.

మొదటిసారి ఆ గేటు ముందు నా కాళ్లు ఆగిపోయాయి. పక్కన చెక్క మీద "పబ్లిక్ ఫుట్‌పాత్" అని రాసి బాణం గుర్తు వేసి ఉంది. మనకి ఫుట్‌పాత్ అంటే తోపుడుబండ్లు నిలబడే రోడ్డు పక్క. అక్కడ మాత్రం కాలిబాట. చేతిలో మ్యాపులో కూడా అదే దారి ఆకుపచ్చ గీతల వరసలా ఉంది. అయినా అవతల ఉన్నది ఒకాయన సొంత పొలం. ఆయన ట్రాక్టరు కనపడుతోంది, కుక్క కనపడుతోంది. ఎవరిని అడగాలి? ఎవరైనా అరిస్తే ఏం చెప్పాలి? వెనకాల వస్తున్న ముసలావిడ ఒకామె నన్ను దాటి, గేటు తీసి, లోపలికి పోయి, నా కోసం గేటు పట్టుకుని నిలబడింది. రైతు ట్రాక్టరు మీద నుంచి చెయ్యెత్తి పలకరించి తన పనిలో తను పడ్డాడు. మేం ఆయన పొలం మధ్యలోంచి నడిచి అవతలికి పోయాం. అంతే. అక్కడ అదొక సంఘటనే కాదు.

ఇది ఆ దేశపు దొరల మంచితనం అనుకునేరు. ఆ కొండ చరిత్ర చదవండి. ఊరుమ్మడి బీళ్లని కంచెల్లోకి లాక్కున్న తర్వాత కిండర్ కొండ మీద ప్రభువులు గ్రౌస్ అనే పక్షుల వేట పెట్టుకున్నారు. కాపలాకి మనుషుల్ని పెట్టారు. కొండ కింద మాంచెస్టర్ కార్మికులు ఆరు రోజులు మిల్లు పొగలో ఉండి, ఏడో రోజు పైకి పోదామంటే దారి లేదు. 1932 ఏప్రిల్ 24న బెన్నీ రోత్‌మన్ అనే 20 ఏళ్ల యూదు కుర్రాడు, మెకానిక్కు, కమ్యూనిస్టు, సుమారు 400 మందితో హేఫీల్డ్ ఊరి నుంచి కొండ మీదికి నడిచాడు. కాపలావాళ్లతో తోపులాట జరిగింది. ఆరుగురిని పట్టుకున్నారు, ఐదుగురికి 2 నుంచి 6 నెలల దాకా జైలు. కేసు విన్న జ్యూరీలో సైనికాధికారులు, భూస్వాములు. ఇంకో సంగతి గుర్తుంచుకోండి. నడక సంఘాల పెద్దమనుషులు ఆ రోజు ఈ కుర్రాళ్లని తప్పుపట్టారు. మేం మెల్లగా మాట్లాడి సాధిస్తుంటే మీరు చెడగొడుతున్నారని. మన దగ్గర ఈ మాట ఎన్నిసార్లు విన్నాం!

ఆ తర్వాతే 1949లో చట్టం వచ్చింది. ప్రజలు నడిచే ప్రతి దారినీ మ్యాపు మీద గుర్తించాలన్నారు. కొండలూ బీళ్లూ స్వేచ్ఛగా తిరిగే హక్కు 2000 దాకా రాలేదు. వచ్చినా అది ఇంగ్లండ్ నేలలో సుమారు 8 శాతానికే. ఆ కొండల మీద నల్లవాళ్లు, మనలాంటి వాళ్లు ఇప్పటికీ తక్కువే కనపడతారు. కాబట్టి ఇంగ్లండ్‌ని నెత్తిన పెట్టుకోమని చెప్పట్లేదు.

అసలు సంగతికి వస్తున్నా. అక్కడి చట్టం ప్రకారం ఒక దారిని జనం 20 ఏళ్లు ఆగకుండా వాడితే అది ప్రజల దారి కింద లెక్క. అయితే మూడు షరతులున్నాయి. బలవంతంగా నడిచి ఉండకూడదు. దొంగచాటుగా నడిచి ఉండకూడదు. మూడోది నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. అనుమతితో నడిచి ఉండకూడదు. యజమాని "సరే, పొండి" అంటే, నువ్వు నూరేళ్లు నడిచినా అది హక్కు కాదు. ఇది తెలిసిన యజమానులు కొన్ని దారుల మీద "మా అనుమతితో నడుస్తున్నారు" అని బోర్డు పెడతారు. కొందరు ఏడాదికి ఒక్కరోజు గేటుకి తాళం వేస్తారు. ఆ ఒక్కరోజు తాళం మిగతా రోజులన్నీ దయ అని చెప్పడానికే.

బోర్డు చదువుతుంటే మా తాత కళ్లముందు కనపడ్డాడు.

మా పేట నుంచి బొందలగడ్డకి పోవాలంటే ఒక కామందు తోట దాటాలి. మా తాత ఆ తోట మొదట్లో చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, "అయ్యా, ఇట్టా పోయొస్తావయ్యా" అనేవాడు. ఆయన "పోండ్రా" అనేవాడు. శవాన్ని మోసుకుపోయేటప్పుడు కూడా ముందు ఒకడు పరుగెత్తి ఆ మాట అడిగి రావాలి. ఆయన ఏ రోజూ కాదనలేదు. అందుకే పేటలో అందరూ ఆయన్ని మంచోడు అనేవాళ్లు. మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఆ పెద్దాయన పోయాక కొడుకులు తోట అమ్మేశారు. కొన్నవాళ్లు సిమెంటు స్తంభాలు పాతి తీగ చుట్టారు. "తరతరాలుగా నడుస్తున్నాం" అని మనవాళ్లు అడిగితే వాళ్ల లాయరు నోటి వెంట మొదట వచ్చిన మాట: "అడిగేగా నడిచారు?"

మన దేశంలో 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం సెక్షన్ 15 చూడండి. అక్కడా 20 ఏళ్లే. బహిరంగంగా, శాంతంగా, ఆటంకం లేకుండా, హక్కుగా వాడి ఉండాలి. "హక్కుగా" అన్న ఆ ఒక్క మాట దగ్గర మన పేటలన్నీ ఓడిపోతాయి. ఎందుకంటే కులం మనల్ని నడవనివ్వకపోవడం ఒక్కటే కాదు చేసింది, నడిచిన ప్రతిసారీ అడిగించింది. అంటే మన నడకని ఎప్పటికప్పుడు లెక్కలోంచి కొట్టేసింది.

అయ్యంకాళి 1893లో ఎద్దులబండెక్కి పెద్దకులాల దారి మీద పోయినప్పుడు ఎవర్నీ అడగలేదు. మహద్ చెరువు సంగతి అంతే. బొంబాయి కౌన్సిల్ తీర్మానం 1923లో వచ్చింది. మహద్ మున్సిపాలిటీ చెరువు అందరిదీ అని 1924లో ఒప్పుకుంది. కాగితం మూడేళ్లు అలాగే ఉంది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ చెరువు దాకా నడిచి నీళ్లు ముట్టుకున్నాక గానీ ఆ కాగితానికి ప్రాణం రాలేదు.

ఎడేల్ లోయలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది కిండర్ కాదు, దానికెదురుగా ఉన్న గట్టు మీది హాలిన్స్ క్రాస్. ఎడేల్‌కి సొంత చర్చి లేని కాలంలో శవపేటికల్ని భుజాన వేసుకుని ఆ గట్టెక్కి, అవతలి లోయలోని కాజిల్‌టన్‌కి మోసుకుపోయేవాళ్లు. శవాల దారి అని దానికి పేరు. ఇప్పుడు పిల్లల్ని తీసుకుని జనం ఫొటోలు దిగుతూ పోతున్నారు. మోసేవాళ్లు లేకపోయినా దారి మిగిలింది.

మన దగ్గర మోసేవాళ్లు ఉన్నారు, దారి లేదు. 2019 ఆగస్టులో తమిళనాడు వాణియంబాడి దగ్గర ఒక దళితుడి శవాన్ని పాలారు వంతెన మీద నుంచి తాళ్లు కట్టి కిందికి దించారు. కింద పొలాల ఆసాములు దారి ఇవ్వలేదు. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. మద్రాసు హైకోర్టు తనంతట తాను కేసు తీసుకుంది. అధికారులు దళితులకి విడిగా శ్మశాన స్థలం కేటాయించారు. దారి అడిగితే ఇంకో వెలివాడ ఇచ్చారన్నమాట.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈజ్‌మెంట్స్ చట్టం ఒక్కటే పట్టుకుని కోర్టుకి పోకండి. రాజ్యాంగం 15(2)లో రోడ్ల మాట ఉంది. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణలో సెక్షన్ 3(1)(జెడ్‌ఏ) ఉంది. శ్మశానం, నది, వాగు, రోడ్డు, దారి, వీటిని ఇతరులతో సమానంగా వాడుకోకుండా ఎస్సీ ఎస్టీలని అడ్డుకుంటే నేరం. అక్కడ 20 ఏళ్ల లెక్క లేదు, అడిగావా లేదా అన్న ప్రశ్న లేదు. ఎస్సైకి రాసే ఫిర్యాదులో "దయచేసి దారి ఇప్పించగలరు" అని మొదలుపెట్టకండి. అడ్డుకున్నది ఎవరు, ఏ రోజు, ఏ చోట అని మొదలుపెట్టండి.

కాగితం పని కూడా కావాలి. సెలవులకి ఊరికి పోయినప్పుడు మీ గ్రామ నక్షా, ఎఫ్.ఎం.బి., ఆర్.ఎస్.ఆర్. నకళ్లు తీయించండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. పాత నక్షాలో డొంకలు, పుంతలు, శ్మశాన పోరంబోకు విడిగా ఉంటాయి. ఇవాళ చేపలచెరువో మామిడితోటో ఉన్నచోట నక్షాలో డొంక కనపడుతుందేమో చూడండి. రీసర్వే వాళ్లు వచ్చిన రోజు పేట నుంచి కనీసం పదిమంది పక్కన నిలబడి ఉండాలి.

మా ఊళ్లో ఇంటర్ చదివే పిల్లలు ముగ్గురు పోయిన వేసవిలో ఈ పని చేశారు. నక్షాలో డొంక ఉంది. తోటకి పక్కగా, వాగు గట్టు వెంట, బొందలగడ్డ దాకా. మా తాత అడిగి నడిచిన దారి అదొకటి, అడగక్కర్లేని దారి ఇదొకటి, రెంటికీ మధ్య యాభై గజాలు కూడా లేదు. ఇప్పుడా డొంకలో సగం చెరువు గట్టు కింద ఉంది. తహసీల్దారు ఆఫీసులో అర్జీ పెట్టారు, సర్వేయరు ఒకసారి వచ్చి కొలిచి పోయాడు. స్తంభాలు ఇంకా అలాగే ఉన్నాయి. పిల్లలు మాత్రం రోజూ పొద్దున్నే గట్టు దాకా నడిచి, ఫోన్‌లో తేదీతో సహా ఫొటో తీసి గ్రూపులో పెడుతున్నారు.

(ఇంకా ఉంది)