ఇరుసు మార్పు

కీర్తిశేషుడైన మా తమ్ముడి పాత మహీంద్రా జీపు, వెనుక తొట్టి అమర్చినది, రెండేళ్ళుగా అంగలకుదురులో మా వేపచెట్టు క్రింద నిలిచిపోయింది. వెనుక ఇరుసు తొడుగు పగిలింది. అమ్మడానికి నాకు మనసొప్పలేదు. నిమ్మకాయలు తెనాలి యార్డుకు చేర్చడానికి మరదలికి బండి కావాలి.

మెకానిక్కు పాతసామాను కొట్టునుండి మరొక ఇరుసు తెచ్చి, "అచ్చు ఇదే మాస్టారూ" అన్నాడు. 'అక్షము'నకు ఇరుసనీ పాచిక అనీ అర్థాలు చెప్పినవాణ్ణే గాని, యంత్రవిద్య నేనెరుగను. అయితే ముందూ వెనుకా పళ్ళ లెక్క కలవాలని తమ్ముడు అంటూండేవాడు. చక్రాలపై సుద్దగీత పెట్టి, రెంటినీ కలిపి ఒక్క చుట్టు త్రిప్పించాను. ముందు ఇరుసు షాఫ్టు అయిదుంబావు చుట్లు దాటింది. తెచ్చినదానికి అయిదు నిండలేదు. మూతలు విప్పితే అక్కడ పళ్ళు 43కు 8, ఇక్కడ 39కి 8!

ఈ తేడాతో నాలుగు చక్రాలనూ కలిపి నడిపితే ఇరుసులు ఒకదానినొకటి మెలిపెట్టుకొని గేర్లపెట్టె చెడుతుంది. "ముందు షాఫ్టు విప్పేద్దాం" అన్నాడతడు. వానాకాలం రేగడి గట్టుమీద అది కుదరదు. తమ్ముడి ఇరుసులోని పళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. వాటినే క్రొత్త తొడుగులో బిగించమన్నాను. పలుచని బిళ్ళలు వేస్తూ తీస్తూ, సణుగుతూ, రెండు రోజులు పట్టించాడు.

మొన్న తొలి బస్తాలు యార్డుకు వెళ్ళాయి. పినియన్ దగ్గర నూనె ఒకింత కారుతూనే ఉంది.