మెల్లగా కొట్టినా లేచే క్యూ

అడ్డుబంతి మీంచి తెల్లబంతిని దూకించే జంప్ క్యూ కావాలని వచ్చేవాళ్లలో చాలామందికి అది ఇప్పుడప్పుడే అక్కర్లేదని మొహం మీదే చెప్పేస్తాను. హైదరాబాద్‌లో పూల్ పార్లర్ నడుపుతూ, వెనక గదిలో టిప్పులు మారుస్తూ, వదులైన జాయింట్లు సరిచేస్తూ బతికేవాణ్ణి. బేరం పోగొట్టుకోవడం నాకూ సరదా కాదు. కానీ ఆడే క్యూ సంగతి వేరు, దీని సంగతి వేరు. ఆడే క్యూ రోజూ చేతిలో ఉంటుంది కాబట్టి కాస్త అటూ ఇటూ ఉన్నా చెయ్యే సర్దుకుంటుంది. జంప్ క్యూ ఎప్పుడో ఒకసారి కేసులోంచి బయటికి వస్తుంది. వచ్చిన ఆ ఒక్క దెబ్బ మీదే ర్యాక్, అంటే ఆ ఆట, నిలబడి ఉంటుంది. సర్దుకునే వ్యవధి దానికి ఉండదు.

మా తరం పూల్ ఆటగాళ్లం చాలావరకు స్నూకర్ టేబుళ్ల దగ్గర పెరిగినవాళ్లం. స్నూకర్ పుట్టిందే మన దేశంలో, 1875లో, జబల్‌పూర్‌లో ఉన్న బ్రిటిష్ సైనికాధికారుల మధ్య. ఆ ఆటలో తెల్లబంతిని ఇంకో బంతి మీంచి దూకిస్తే మామూలుగా ఫౌలే. అందుకే అడ్డం పడితే కుషన్ మీద కొట్టి తిప్పి తాకించడం మాకు అలవాటైంది. ఇప్పటి పిల్లలు అలా కాదు. ఫోన్‌లో నైన్‌బాల్ మ్యాచులు చూసి నేరుగా పూల్‌లోకే వస్తున్నారు. నైన్‌బాల్‌లో టేబుల్ మీదున్న అతి చిన్న నెంబరు బంతినే ముందు తాకాలి. తాకకపోతే ఫౌల్. ఎదుటివాడు తెల్లబంతిని చేత్తో తీసి తనకిష్టమైన చోట పెట్టుకుంటాడు. వరసగా మూడు ఫౌళ్లయితే ర్యాకే పోతుంది. ఇంత శిక్ష ఉన్న ఆటలో అడ్డుబంతి మీంచి దూకే దారి ఒకటి ఉందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది.

ఈ మధ్య ఒక కుర్రాడు కొత్త క్యూ తెచ్చి, బలంగా ఒక్క పోటు పొడిచాడు. బంతి అడుగెత్తు లేచి పక్క టేబుల్ కింద దొర్లింది. “చూసినవా అన్నా, ఎట్ల లేస్తుందో!” అన్నాడు. “లేచింది సరే తమ్ముడూ, పడ్డది ఎక్కడ?” అన్నాను. జంప్ క్యూ అమ్మే వీడియోలన్నీ ఆ ఎత్తునే చూపిస్తాయి. టేబుల్ మీద ఎత్తుతో పనేం లేదు. పూల్ బంతి వ్యాసం రెండుంపావు అంగుళాలు, అంటే 57 మిల్లీమీటర్లు. పూర్తిగా ఎదురుగా నిలిచిన బంతిని దాటాలన్నా అంత ఎత్తు చాలు. అడ్డుబంతి అంచు మాత్రమే తగిలేలా ఉంటే ఇంకా తక్కువ చాలు. కాబట్టి నేను చూసేది ఒక్కటే: క్యూని ఎంత తక్కువ లేపి, ఎంత మెల్లగా కొడితే బంతి దాటుతోంది? బలం పెడితే ఏ కర్రతోనైనా బంతి ఎగురుతుంది. మెల్లగా కొట్టినా లేచే క్యూ దొరకడమే కష్టం.

ఎందుకంటే దూకిన బంతి కిందికి దిగాలి కూడా. వేగంగా వెళ్లిన బంతి దిగాక ఇంకా రెండు మూడు గెంతులు వేస్తుంది. ఆ గెంతుల మధ్య, గాల్లో ఉండగానే అసలు బంతిని తాకితే దాని పైభాగం మీద పడి టేబుల్ దాటిపోతుంది. అదీ ఫౌలే. అడ్డం తప్పించుకున్నామన్న సంతోషం కూడా మిగలదు.

బంతి ఎలా లేస్తుందో తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే. చాలామంది టిప్పుని బంతి కిందికి దూర్చి పైకి చిమ్ముతారు. అది తప్పు కొట్టుడు, నియమాల ప్రకారం ఫౌల్ కూడా. క్యూ వెనక భాగం పైకెత్తి, బంతిని కిందికే కొట్టాలి. బంతి క్లాత్‌లోకి నొక్కుకుని, కింద ఉన్న స్లేట్ రాయిని ఢీకొని పైకి తిరుగుతుంది. రాయి కొంత శక్తిని మింగేస్తుంది కాబట్టి క్యూ ఎంత వాలులో ఉందో బంతి అంత వాలులో లేవదు, ఇంకా పల్లంగానే పోతుంది. సరిగ్గా అదే క్షణంలో క్యూ దారిలోంచి తప్పుకోవాలి. ఆడే క్యూ 19 ఔన్సులు, అంటే 540 గ్రాముల దాకా ఉంటుంది. బంతి 170 గ్రాములు మించదు. మూడింతల బరువున్న కర్ర కొట్టాక కూడా ముందుకే తోసుకొస్తుంది, లేవబోయే బంతిని మళ్లీ అణుస్తుంది. జంప్ క్యూ ఎనిమిది తొమ్మిది ఔన్సులే, 230 నుంచి 250 గ్రాముల మధ్య. తేలికది కాబట్టి తగలగానే ఆగిపోతుంది, బంతికి దారి వదిలేస్తుంది. టిప్పు గట్టిగా ఉండాలనేదీ ఇందుకే. మెత్తటి తోలు టిప్పు బంతిని కాస్త ఎక్కువసేపు అంటిపెట్టుకుని ఉంటుంది. గట్టి రెసిన్‌తో చేసే ఫినాలిక్ టిప్పు అంతసేపు ఉండదు.

ఇది అర్థమయ్యాక “బరువుగా ఉంటే పవర్ వస్తుంది కదన్నా” అనే మాట వినపడదు. బ్రేక్ క్యూకీ దీనికీ లెక్కలు వేరు. రెండూ ఒకటిగా చేసిన బ్రేక్-జంప్ క్యూలు ఉన్నాయి. వెనక బట్ విప్పేస్తే మిగిలిన ముందు భాగం జంప్ క్యూ అవుతుంది. కేసులో ఒక అర మిగులుతుంది, డబ్బూ కలిసొస్తుంది. అయితే వాటి షాఫ్ట్ బ్రేక్ దెబ్బ తట్టుకునేలా చేసినది, విప్పిన తర్వాత కూడా బరువు ముందుకే లాగుతుంది. అడ్డుబంతి దూరంగా ఉన్నప్పుడు పని చేస్తాయి, దగ్గరగా ఉన్నప్పుడు మొరాయిస్తాయి. వారానికి ఒకరోజు ఆడేవాడికి అది చాలు. టోర్నమెంట్లకి తిరిగేవాడికి విడి జంప్ క్యూ కొనమనే చెబుతాను.

నా దగ్గర పరీక్ష ఇలా ఉంటుంది. తెల్లబంతికీ అడ్డుబంతికీ మధ్య ఒక ఏటీఎం కార్డు పొడుగ్గా పెడతాను, ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. బంతుల్ని అక్కడ ఉంచి కార్డు తీసేస్తాను. అడ్డుబంతికి అవతల రెండు డైమండ్ల (టేబుల్ అంచు మీది గుర్తుల) దూరంలో తాకాల్సిన బంతి. ఇప్పుడు క్యూ కొద్దిగా మాత్రమే లేపి, వేళ్లు వదులుగా పట్టి, మణికట్టుతో టక్కున కొట్టాలి. మొదటిసారి దాటకపోతే బలం పెంచొద్దు, వాలు కొంచెం పెంచండి. ఏ వాలు దగ్గర దాటడం మొదలైందో అక్కడ గుర్తుపెట్టుకోండి. అదే చోట, అదే చేత్తో రెండో క్యూతో కొట్టి చూడండి. తేడా కళ్లకు కనపడుతుంది. తర్వాత చెవి పెట్టాలి. మంచి క్యూ అయితే ఒక్కటే ‘టక్’. టిప్పు బంతిని రెండోసారి తడితే ‘టటక్’ అని చీలిన శబ్దం వస్తుంది. అది క్యూ ఆలస్యంగా ఆగుతోందనడానికి గుర్తు, లేదా చెయ్యి బిగుసుకుందనడానికి. చెయ్యి వదిలి మళ్లీ కొట్టినా అదే శబ్దమైతే ఆ క్యూని పక్కన పెట్టేయండి. తెల్లబంతిని తీసి చూస్తే చాక్ మరక కూడా కథ చెబుతుంది. సన్నని చుక్క ఒక్కటే ఉందంటే శుభ్రంగా తగిలినట్టు. రాసుకుపోయిన గీత ఉందంటే జారినట్టు.

పరీక్ష స్లేట్ టేబుల్ మీదే చెయ్యాలి. హాస్టళ్లలో, అపార్ట్‌మెంట్ క్లబ్బుల్లో చెక్క బల్ల మీద క్లాత్ పరిచిన టేబుళ్లు ఉంటాయి. వాటి మీద బంతి తిరగబడే తీరే వేరు. తెల్లబంతి మిగతా బంతుల సైజే ఉందో లేదో కూడా చూసుకోండి. పోయిన తెల్లబంతి స్థానంలో స్నూకర్ బంతిని పెట్టి ఆడిస్తున్న చోట్లున్నాయి. అది 52.5 మిల్లీమీటర్లు, తేలికది, ఏ కర్రతో కొట్టినా లేస్తుంది. ఇంకొకటి. క్లాత్ పాడవకుండా మా దగ్గర ప్రాక్టీసు చేసేవాళ్లు తెల్లబంతి కింద పాత క్లాత్ ముక్క పెట్టాల్సిందే, లేకపోతే ఒకే చోట తెల్లటి కాలిన చుక్కలు పడతాయి. ఆ ముక్క ఉంటే బంతి కాస్త తేలిగ్గా లేస్తుంది. క్యూని పరీక్షించే రెండు మూడు దెబ్బలకి మాత్రం నేనే ముక్క తీయిస్తాను. క్లాత్ ఖరీదు తెలిసినవాణ్ణి కాబట్టి ప్రాణం ఉసూరుమంటుంది, అయినా తప్పదు.

నియమాల సంగతి కొనకముందే చూసుకోవాలి, కొన్నాక చూసుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ప్రపంచ పూల్ బిలియర్డ్ సంఘం, అంటే డబ్ల్యూపీఏ నిబంధన ప్రకారం జంప్ క్యూ పొడవు 40 అంగుళాలకు తగ్గకూడదు. టిప్పు వెడల్పు ఏ క్యూకైనా 14 మిల్లీమీటర్లు దాటకూడదు. ఆడే క్యూనే విప్పి ఉత్త షాఫ్ట్‌తో పొడిచే పిల్లలు కొందరున్నారు. షాఫ్ట్ ముప్పై అంగుళాల లోపే ఉంటుంది, అది చెల్లదు. పైగా జాయింట్ మరలు చెడతాయి, నా బెంచీ మీదికి వచ్చేవి ఎక్కువగా అవే. పేరు లేని చవక జంప్ క్యూల్లో 40కి తక్కువవి తగులుతుంటాయి, టేపు పెట్టి కొలిచి కొనండి. ఫినాలిక్ టిప్పులు తెల్లబంతికి గాట్లు పెడతాయని కొన్ని లీగుల్లో, కొన్ని పార్లర్లలో ఒప్పుకోరు. అమెరికా నుంచి బావమరిదితో తెప్పించుకునేవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి. అక్కడి పెద్ద అమెచ్యూర్ లీగు ఏపీఏలో జంప్ కోసం వేరే క్యూ తీయకూడదన్న నియమం చాలాకాలం ఉండేది. అప్పట్లో అక్కడ ఉండే బావమరిదికి లీగులో పనికిరాని క్యూ ఇక్కడ మనకి పనికొచ్చేదన్నమాట.

టిప్పు విషయంలో నా మాట వినరు, అయినా చెబుతాను. అందరూ దొరికినంత గట్టిది కావాలంటారు. బాగా గట్టి ఫినాలిక్ చాక్‌ని సరిగ్గా పట్టుకోదు. నడుమ కాకుండా ఏ కొంచెం పక్కన తగిలినా జారుతుంది. నేర్చుకుంటున్నవాడి దెబ్బ నడుమ పడేది తక్కువ. అలాంటివాడికి గట్టి లేయర్డ్ తోలు టిప్పే పెడతాను. ఎత్తు కాస్త తగ్గుతుంది, జారడమూ తగ్గుతుంది. చెయ్యి కుదిరాక ఫినాలిక్‌కి మార్చుకోవచ్చు, పది నిమిషాల పని.

షాఫ్ట్ మేపుల్‌దా, కార్బన్‌దా అన్నది చాలామంది పరువు సమస్య చేసుకుంటారు. కార్బన్ గట్టిగా, తేలిగ్గా ఉంటుంది, వంగదు. ఎండాకాలం కారు డిక్కీలో కేసు వదిలేసే అలవాటున్నవాడికి కార్బనే మంచిది. విశాఖపట్నం గాలి తేమకి మేపుల్ షాఫ్టులు విల్లులా వంగి నా దగ్గరికి వచ్చాయి. జాగ్రత్తగా వాడేవాడికి మేపుల్ చాలు, దెబ్బలో తేడా ఖరీదులో ఉన్నంత లేదు. జాయింట్ మాత్రం ఒకటిన్నర చుట్టులో బిగిసే రకం తీసుకోండి. పెద్ద టోర్నీల్లో 30 సెకన్ల షాట్ క్లాక్ ఉంటుంది. కేసు తెరిచి, పది చుట్లు తిప్పి, చాక్ రాసి, వాలు చూసుకునేసరికి గంట కొట్టేస్తారు.

ఇక పొట్టివాళ్ల సంగతి. టేబుల్ ఎత్తు ఉజ్జాయింపుగా ముప్పై అంగుళాలు. అడ్డుబంతి మరీ దగ్గరుంటే క్యూ బాగా నిటారుగా లేపి, బాణం విసిరినట్టు ఛాతీ ముందు పట్టుకుని కొట్టాలి. దాన్ని డార్ట్ స్ట్రోక్ అంటారు. పొట్టివాడికి 42 అంగుళాల క్యూ వెనక కొస గడ్డానికి తగులుతుంది. సరిగ్గా 40 దగ్గర ఆగే క్యూ, వెనక పట్టు సన్నగా ఉన్నది చూసుకోవాలి. మూడు ముక్కల జంప్ క్యూలో చివరి ముక్క తీసేసి డార్ట్ కొట్టొచ్చంటారు. కొట్టొచ్చు, మిగిలిన పొడవు 40కి తగ్గకుంటేనే.

ఇన్ని చెప్పాక కూడా కొందరికి కొనొద్దనే అంటాను. కుషన్ మీంచి తిప్పి తాకించడం రానివాడికి జంప్ క్యూ ఇస్తే, తిప్పితే సులువుగా తగిలే చోట కూడా దూకిస్తాడు. 1995లో అమెరికాలోని రెనోలో పూల్ దిగ్గజం ఎర్ల్ స్ట్రిక్‌లాండ్ మీద ఇంకో దిగ్గజం ఎఫ్రెన్ రేయెస్ రెండు కుషన్లు తిప్పి తాకించిన దెబ్బ వీడియో మా పార్లర్‌లో అందరూ చూస్తారు, చూసి చప్పట్లు కొడతారు, వెంటనే వెళ్లి జంప్ ప్రాక్టీసు మొదలెడతారు. అందుకే ఎవరైనా జంప్ క్యూ అడిగితే ముందు తెల్లబంతిని ఓ మూల పెట్టి, ఒక కుషన్ తగిలించి ఎదురు బంతిని తాకమంటాను. పదిలో ఆరు తగిలితే వెనక గదిలోకి రమ్మంటాను. తగలకపోతే గంట టేబుల్ ఇచ్చి, “మళ్లీ వారం రా” అంటాను. టేబుల్ అద్దె మాత్రం మామూలే.