రోమ్ సంతలో సినిమా సైకిల్!

ఆదివారం తెల్లవారిందంటే చాలు... రోమ్ నగరంలో టైబర్ నది పక్కన, పోర్తా పోర్తేజే దగ్గర సందడి మొదలవుతుంది. పోర్తా అంటే ద్వారం. 17వ శతాబ్దంలో కట్టిన కోటగోడ ద్వారమది. అక్కణ్నుంచి వీధుల వెంట బారులు తీరుతుంది సంత. పాత కోట్లు, ఆగిపోయిన గడియారాలు, ఇత్తడి దీపాలు, చెవులు ఊడిన పింగాణీ కప్పులు... దొరకని పాత సామాను ఉండదు. మధ్యాహ్నం రెండయ్యేసరికి అంతా సర్దేస్తారు. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల్లో మొదలైన ఈ సంత పేరు చెప్పగానే, సినిమా అంటే ప్రాణం పెట్టేవాళ్లకి గుర్తొచ్చేది మాత్రం ఒకే ఒక్క వస్తువు. ఓ పాత సైకిల్!

1948లో విట్టోరియో డి సికా తీసిన ‘బైసికిల్ థీవ్స్’లోని సైకిల్ అది. కథ చిన్నదే. యుద్ధం తర్వాతి రోమ్‌లో పని దొరక్క తిరుగుతున్న ఆంటోనియో రిచ్చికి గోడలకి పోస్టర్లు అంటించే ఉద్యోగం వస్తుంది. ఒకటే షరతు... సొంత సైకిల్ ఉండాలి. ఉంది, కానీ తాకట్టులో ఉంది. భార్య మరియా మంచాల మీది దుప్పట్లు తీసి మూటగట్టి కుదువపెట్టి, ఆ డబ్బుతో సైకిల్ విడిపిస్తుంది. ఉద్యోగంలో చేరిన రోజే దాన్నెవరో ఎత్తుకుపోతారు. ఆ తర్వాత తండ్రీ కొడుకులు ఆదివారమంతా ఊరు గాలిస్తారు. అంతే కథ!

అలాంటి సైకిల్‌నే ఇప్పుడు మళ్లీ తయారుచేయాలనుకుంటే? సామాను కోసం వెళ్లాల్సింది ఈ సంతకే. ఎందుకంటే సినిమాలో రిచ్చి కూడా సైకిల్ కోసం సంతలే తిరుగుతాడు. దొంగ సొత్తుని ఎవరూ ఉన్నదున్నట్టు అమ్మరుగా! టైర్లు ఒకచోట, ఫ్రేమ్ మరోచోట తేలతాయి. అందుకే స్నేహితులు పని పంచుకుంటారు. ఒకరు టైర్లు చూడాలి, ఒకరు ఫ్రేమ్ చూడాలి. పిల్లాడు బ్రూనో వంతుకి వచ్చినవి పంపు, బెల్లు. దొంగ ఏ ముక్కకి ఆ ముక్క విడదీసినదాన్ని అభిమాని మళ్లీ ఒక్కో ముక్కా ఏరి కలపాలన్నమాట.

రంగేంటో చెప్పగలరా?

ఆ సైకిల్ ఆనవాళ్లు సినిమాలోనే ఉన్నాయి. కంపెనీ పేరు ‘ఫీదెస్’, 1935 నాటి మోడల్. లాటిన్‌లో ఫీదెస్ అంటే నమ్మకం. అంటే కథ జరిగేనాటికి సైకిల్ వయసు పదమూడేళ్లు. మధ్యలో ఓ ప్రపంచయుద్ధం చూసింది. తాకట్టు కొట్టులో వేలాడి వచ్చింది. కాబట్టి నకలు తయారుచేసేవాళ్లు చేయకూడని మొదటి పని... తళతళా మెరిసేలా కొత్త రంగు వేయడం!

అసలు చిక్కు కూడా రంగుతోనే. సినిమా నలుపు తెలుపుల్లో తీశారు. తెరమీద ముదురుగా కనిపించేది నలుపే కానక్కర్లేదు. ముదురు ఆకుపచ్చయినా, ముదురు ఎరుపయినా అలాగే కనిపిస్తుంది. ఆ రోజుల్లో నల్ల సైకిళ్లే ఎక్కువ కాబట్టి నలుపు వేస్తే తప్పుపట్టేవాళ్లు ఉండరు.

మిగతా హంగుల విషయానికొస్తే, మన ఊళ్లలో తాతల కాలం నాటి సైకిల్ని గుర్తుచేసుకుంటే సగం పని అయిపోయినట్టే. ఉక్కు గొట్టాలతో ఫ్రేమ్, పెద్ద చక్రాలు, మడ్‌గార్డులు, స్ప్రింగుల మీద తోలు సీటు. ముఖ్యంగా బ్రేకులు! ఆనాటి ఇటలీ సైకిళ్లలో చాలావాటికి కేబుళ్లు ఉండేవి కావు. హ్యాండిల్ దగ్గర పిడి నొక్కితే సన్నటి ఇనుప కడ్డీలు కదిలి, రబ్బరు ముక్కలు రిమ్ముని అదిమిపడతాయి. మన పాత హెర్క్యులెస్, అట్లాస్ సైకిళ్లవీ కడ్డీ బ్రేకులే. వాటిని సరిచేసిన మెకానిక్కులకి ఈ పని కొత్తేం కాదు. ఒక కడ్డీ కాస్త వంగినా బ్రేకు సరిగా పట్టదు. చక్రం తిప్పి చూసుకుంటూ, మరలు కొద్దికొద్దిగా బిగించుకుంటూ ఓపిగ్గా సరిచేయాల్సిందే.

ఫ్రేమ్ మీద చెక్కిన నంబరునీ మరచిపోకూడదు. సినిమాలో అదే కీలకం. పియాజ్జా విట్టోరియో సంతలో ఒకడు ఫ్రేమ్‌కి రంగు వేస్తూ కనిపిస్తాడు. రిచ్చికి అనుమానం వస్తుంది. పోలీసుని పిలిచి నంబరు చూపించమంటారు. అది తనది కాదు! రంగు మార్చేయొచ్చు, నంబరే సాక్ష్యం. ఇక చివరగా భుజానికి ఓ నిచ్చెన, జిగురు డబ్బా జతచేస్తే పోస్టర్లు అంటించే రిచ్చి సైకిల్ సిద్ధం.

సైకిల్ తిరిగిన దారి

తయారయ్యాక దాన్ని ఎక్కడ తిప్పాలి? సినిమాని స్టూడియో సెట్టింగుల్లో కాకుండా రోమ్ వీధుల్లోనే తీశారు కాబట్టి ఆ దారి ఇప్పటికీ ఉంది. రిచ్చి ఇల్లు నగరానికి ఈశాన్యాన వాల్ మెలైనాలో. పేదల కోసం కట్టిన పెద్ద పెద్ద ఇళ్ల సముదాయం అది. సినిమాలో ఆడవాళ్లు వీధి కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుని బిందెలకు బదులు బకెట్లు మోసుకెళ్తుంటారు. అంత దూరం నుంచి ఊళ్లోకి రావాలంటే సైకిల్ ఎందుకు అవసరమో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

సైకిల్ పోయింది నగరం నడిబొడ్డున, వియా ఫ్రాంచెస్కో క్రిస్పి వీధిలో. రిచ్చి నిచ్చెనెక్కి రీటా హేవర్త్ పోస్టర్ అంటిస్తుంటాడు. దొంగ సైకిలెక్కి పారిపోతాడు. రిచ్చి వెంటపడి క్విరినాల్ గుట్ట కింది సొరంగం దాకా పరుగెడతాడు. ఆ సొరంగంలో ఇప్పుడు కార్లూ బస్సులూ రొద చేస్తుంటాయి.

కథ ముగిసేది ఉత్తరాన ఫ్లమీనియో స్టేడియం ప్రాంతంలో. సినిమాలో కనిపించే పాత స్టేడియాన్ని తర్వాత పడగొట్టారు. 1960 ఒలింపిక్స్ కోసం అదే చోట ఇప్పుడున్న దాన్ని కట్టారు. లోపల ఫుట్‌బాల్ ఆట, బయట వరసగా నిలబెట్టిన వందల సైకిళ్లు. తనకి ఒక్కటీ లేదు. పక్క వీధిలో గోడకి ఆనించిన సైకిల్ని రిచ్చి దొంగిలించబోయి పట్టుబడతాడు. అదీ కొడుకు కళ్లెదుటే! ఇటాలియన్‌లో సినిమా పేరు ‘దొంగ’ కాదు, ‘దొంగలు’. ఎందుకో ఆ వీధిలో అర్థమవుతుంది.

తెర మీద ఉద్యోగం... బయటా పోయింది!

రిచ్చి వేషం వేసిన లాంబెర్తో మజ్జొరానీ నటుడు కాదు, ఫ్యాక్టరీ కార్మికుడు. హాలీవుడ్ నిర్మాత ఒకరు క్యారీ గ్రాంట్‌ని పెడితే డబ్బు పెడతానన్నా డి సికా ఒప్పుకోలేదు. సినిమాకి ప్రత్యేక ఆస్కార్ వచ్చింది. మజ్జొరానీ మాత్రం షూటింగ్ అయ్యాక ఫ్యాక్టరీకి తిరిగివెళ్లి, కొన్నాళ్లకే ఉద్యోగం పోగొట్టుకున్నారు. చిన్నచిన్న వేషాలూ కూలి పనులతో నెట్టుకొచ్చి 1983లో కన్నుమూశారు. బ్రూనోగా చేసిన ఎంజో స్టాయోలా పెద్దయ్యాక లెక్కల మాస్టారుగా పనిచేశారు. 2025లో మరణించారు.

ఈ సైకిల్ మన దేశం దాకా వచ్చింది. 1950లో లండన్‌లో సినిమా చూసిన సత్యజిత్ రే, ‘పథేర్ పాంచాలి’ని ఇలా మామూలు మనుషులతో, అసలైన ఊళ్లలోనే తీయాలని నిశ్చయించుకున్నారు. 1952లో భారత్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ చిత్రోత్సవంలోనూ దీన్ని ప్రదర్శించారు. ఆ ఉత్సవం జరిగిన నగరాల్లో, అప్పట్లో తెలుగు సినిమాకి పుట్టిల్లయిన మద్రాసు కూడా ఒకటి.

షరతు మారలేదు

రిచ్చి నంబరు చూపించమన్న పియాజ్జా విట్టోరియోలో ఇప్పుడు వీధి అంగళ్లు లేవు. వాటిని దగ్గర్లోని పాత బ్యారక్స్ భవనంలోకి మార్చారు. అక్కడ మసాలా దినుసులూ కరివేపాకూ కూడా దొరుకుతాయి. కారణం, ఆ చుట్టుపక్కల బంగ్లాదేశ్, చైనాల నుంచీ మన దేశం నుంచీ వచ్చినవాళ్లు స్థిరపడటమే.

సాయంత్రమైతే రోమ్ వీధుల్లో వీపుకి పెద్ద పెట్టె తగిలించుకుని, సైకిళ్ల మీద ఇంటింటికీ భోజనం చేరవేసే కుర్రాళ్లు కనిపిస్తారు. వాళ్లలో చాలామంది బతుకుతెరువు వెతుక్కుంటూ వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లే. వాళ్ల ఉద్యోగానికీ చాలాచోట్ల అదే షరతు... బండి సొంతంగా తెచ్చుకోవాలి.

కడ్డీ బ్రేకులూ తోలు సీటూ ఓపిగ్గా వెతికితే దొరుకుతాయి. వాటితో ‘ఫీదెస్’ని మళ్లీ నిలబెట్టొచ్చు. కానీ రిచ్చి సైకిల్ విలువ వాటిలో లేదు, దాన్ని పోగొట్టుకుంటే ఇంటి పొయ్యి వెలగదన్న భయంలో ఉంది. దానికి నకలు తయారుచేయక్కర్లేదు. ఈ సాయంత్రం కూడా ఏదో మెట్ల పక్కన సైకిల్ ఆపి, రెండు తాళాలు వేసి, పైకి వెళ్తూ వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునే ఆ కుర్రాడి కళ్లలో అది అసలుదే ఉంది.