సేద్యగాడు తవ్వించిన పడవ దారి

ఇంగ్లండులో నది అంటే మన వాళ్ళకు థేమ్సు ఒక్కటే గుర్తొస్తుంది. నేను రాయబోయేది ఆ థేమ్సులో కలిసే ఒక చిన్న నది గురించి. దాని పేరు ఒక్క అక్షరమే: వే. మా గోదావరి పక్కన పెడితే పంటబోదెలా ఉంటుంది! అయినా మూడు వందల డెబ్భై ఏళ్ళ కిందట ఆ బోదె మీద జరిగిన వ్యవహారం, డెల్టా శివారు రైతు కొడుకునైన నాకు, బొత్తిగా పరాయి ఊరి కథలా అనిపించలేదు.

ఈ నదికి రెండు పాయలు. ఒకటి ఆల్టన్ దగ్గర, ఇంకొకటి హేజిల్‌మియర్ దగ్గరి కొండల్లో పుట్టి, టిల్‌ఫర్డ్ వద్ద కలుస్తాయి. అక్కణ్ణించి గోడాల్మింగ్ మీదుగా వచ్చి, గిల్డ్‌ఫర్డ్ దగ్గర సుద్దకొండల వరసను చీల్చుకుని, వేబ్రిడ్జ్ దగ్గర థేమ్సులో పడుతుంది. దారి పొడుగునా నీటిమరలు. మరవాడికి నీళ్ళు నిలవ ఉండాలి, పడవవాడికి లోతు కావాలి, రైతుకేమో నీళ్ళు పొలం మీదికి రావాలి. ఉన్న నీళ్ళు మాత్రం అవే!

సర్ రిచర్డ్ వెస్టన్ పెద్ద భూస్వామే గానీ మనసంతా సేద్యం మీదే. 1618-19 ప్రాంతంలోనే గిల్డ్‌ఫర్డ్ దిగువన తన పచ్చికబయళ్ళకు నీరు పారించడానికి ఒక కాలువ తవ్వించాడు. అంతర్యుద్ధంలో రాజుపక్షం మనిషి కావడంతో ఆస్తి జప్తయింది. దేశం విడిచి ఫ్లాండర్స్ వెళ్ళి ఊరుకున్నాడా! అక్కడి రైతులు క్లోవరు గడ్డి, టర్నిప్ దుంపలు పంటమార్పిడిగా వేసి నిస్సారమైన నేలల్ని ఎలా బాగుచేసుకుంటున్నారో చూసి రాసుకొచ్చాడు. ఆ పుస్తకం 1650లో అచ్చయింది.

మరుసటి సంవత్సరం, 1651లో, గిల్డ్‌ఫర్డ్ నుంచి థేమ్సు దాకా పడవలు నడిపేందుకు పార్లమెంటు చట్టం చేసింది. వెస్టన్ పేరు ముందు పెడితే పని కాదు కనుక, పార్లమెంటు పక్షం వాడైన జేమ్స్ పిట్సన్ ముందుండి నడిపించాడు. సుమారు 25 కిలోమీటర్ల దారిలో సగానికి పైగా కొత్తగా తవ్విన కాలువే. 1653లో పడవలు నడిచాయి. వెస్టన్ 1652లోనే పోయాడు, చూడలేదు.

మధ్యలో లాకులు కట్టారు. లాకంటే మా ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాటన్‌గారి కాలువల మీద అవే కదా! మా తాతయ్య ధాన్యం బస్తాలు పడవ మీదే కాకినాడ పంపేవాడట. కానీ తలుపులు ఎగువకు మొన తిరిగేలా ఎందుకు పెడతారో నాకు ఫిజిక్సు చదివాకనే అర్థమైంది. నీటి ఒత్తిడే వాటిని బిగించేస్తుంది, గడియ అక్కర్లేదు. ఇంజనూ అక్కర్లేదు. పడవ దిగినా ఎక్కినా ఒక గదెడు నీళ్ళు కిందికి పోతాయి, అంతే. వే మీద కొన్ని లాకుల పక్కలకు గోడలు లేవు, ఏటవాలు గడ్డి గట్లే. ఖర్చు తక్కువ, కానీ గది విశాలం కనుక నీళ్ళు ఎక్కువ పోతాయి. అందులో పేపర్‌కోర్టు లాకు ఇప్పటికీ ఉంది.

ఇదంతా సెలవుల్లో నాన్నకు చెబుతుంటే చివరిదాకా విని, "ఏరా, కాలవ తవ్వితే భూమి పోయినోళ్ళకి డబ్బులిచ్చేరా?" అన్నాడు. నాకది తట్టనేలేదు. మురుగుకాలువ వెడల్పు చేసినప్పుడు మాకూ పదిహేను సెంట్లు పోయింది. నేనప్పుడు ఏడో తరగతి. ఆ కాగితాలు ఒక ఆఫీసులో ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. తిరిగి వచ్చి లైబ్రరీలో వెతికాను. వే మీద కూడా తగాదాలే. ఎవరెవరికి ఎంత రావాలో తేల్చడానికి 1671లో పార్లమెంటు మరో చట్టం చెయ్యవలసి వచ్చింది. ఫోన్లో చెబితే నాన్న నవ్వి, "ఇరవయ్యేళ్ళా! అయితే మనకింకా టైముందన్నమాట" అన్నాడు.

వ్యాపారం మాత్రం బాగా సాగింది. కలప, పిండి లండనుకు, బొగ్గు పైకి. ఉపనది ఒడ్డున చిల్వర్త్‌లో ఈస్టిండియా కంపెనీ 1626లో పెట్టిన తుపాకిమందు మరలుండేవి. అవి తరవాత వేరేవాళ్ళ చేతుల్లోకి పోయినా, ఆ మందు కూడా ఈ దారినే దిగేది. 1764లో దారిని గోడాల్మింగ్ దాకా పొడిగించారు. 1816లో ఒక కాలువతో దక్షిణ సముద్రానికి కలిపారు గానీ అది 1871లో మూతపడింది. గిల్డ్‌ఫర్డ్‌కు రైలు 1845లోనే వచ్చేసింది మరి! అయినా వే వెంటనే చావలేదు. ఒకే కుటుంబం తరతరాలుగా నడుపుకొచ్చింది. చివరికి 1964లో హ్యారీ స్టీవెన్స్ దాన్ని నేషనల్ ట్రస్టుకు దానమిచ్చాడు. ఇప్పుడు తిరిగేవి విహారం పడవలు. మా కాలువ మీద అవీ లేవు, గుర్రపుడెక్కే. వోర్స్‌ఫోల్డ్ దగ్గర మాత్రం నీటిపలకను ఎత్తి, దాని చిల్లులో మేకు దూర్చి నిలబెట్టే పాత పద్ధతే ఈనాటికీ నడుస్తోంది.