వేలిముద్రలు వేరు, రక్తం ఒకటే

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మాది మారేడుమిల్లి అవతల కొండ మీద ఊరు. ఇప్పుడు సామర్లకోటలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదలు. నిజానికి ఇద్దరం రావాలి. మేం కవలలం, అచ్చు ఒకేలా ఉండేవాళ్ళం. నేను పెద్దోడు, వాడు చిన్నోడు. ఊళ్ళో మా అసలు పేర్లు ఎవరికీ అక్కర్లేదు. వాడు పోయి నాలుగేళ్ళయింది.

రేషన్ కార్డులోంచి వాడి పేరు తీయించడానికి నాయన వెళ్తే, ఒక ఆఫీసులో నా పేరు తీసేశారు. ఒకే ఇంటిపేరు, ఒకే పుట్టినతేదీ, ఫొటోలో ఒకే మొహం. కాగితం మీద చనిపోయింది నేను, బతికున్నది వాడు. ఆ ఏడాది స్కాలర్‌షిప్ ఆగిపోయింది. చివరికి మిషన్ మీద వేలు పెట్టి, నేను బతికే ఉన్నానని ఒప్పించాల్సి వచ్చింది. ఎంత ఒకేలా ఉన్న కవలలకైనా వేలిముద్రలు వేరుగానే ఉంటాయి, అదే కాపాడింది. తలలు అతుక్కుని పుట్టిన వీణ, వాణిలకి 2020లో పదో తరగతికి రెండు హాల్‌టికెట్లు ఇచ్చారు. విడివిడిగా పుట్టిన మమ్మల్నేమో ఒకటి చేసేశారు!

చిన్నప్పుడు మాత్రం ఈ తికమక మాకు సరదాగానే ఉండేది. గుర్తు కోసం అమ్మ వాడి కాలికి నల్లతాడు కట్టింది. ఆశ్రమ పాఠశాలకి వచ్చాక నేనూ ఒకటి కట్టుకున్నా, ఇక సార్లు ఏం చేస్తారు? గుడ్డు పెట్టే రోజు వాడు రెండుసార్లు లైన్లో నిలబడేవాడు, రెండోసారి నేనన్నమాట. ఆ గుడ్డులో సగం నాకు తెచ్చేవాడు. సగమే.

నొప్పులు కూడా ఇద్దరికీ ఉండేవి. చలికాలం వచ్చిందంటే చేతులు, కాళ్ళు, నడుము లోపల్నుంచి ఎవరో మెలిపెడుతున్నట్టు ఉండేది. వాడికి ఎక్కువ, నాకు తక్కువ. కళ్ళు పచ్చబడేవి. పసరు తాగించారు. కవలలకి దిష్టి తగిలిందని కొందరు, చిల్లంగి పెట్టారని కొందరు అన్నారు. ఒక ముసలామెని అనుమానించి జనం ఆమె ఇంటి వైపు వెళ్ళడమే మానేశారు. ఆవిడకీ మా నొప్పులకీ ఏ సంబంధమూ లేదు.

పదో తరగతిలో, సంక్రాంతి ముందు, వాడికి జ్వరం వచ్చింది. ఛాతీలో నొప్పి, ఊపిరి అందలేదు. జీపులో కిందకి దించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. రెండో రోజు తెల్లవారుజామున పోయాడు. దీని గురించి ఇంతకంటే రాయలేను.

అక్కడ ఒక డాక్టరమ్మ నాయనకి కాగితం రాసిచ్చింది. నాయనకి చదువు రాదు, దాన్ని భూమి పట్టా ఉన్న సంచిలోనే దాచాడు. నేను తీసి చదివాను. సికిల్ సెల్ అని ఉంది. కింద ఒక లైను: ఒకేలా ఉండే కవల సోదరుడున్నాడు, అతనికీ పరీక్ష చేయించాలి.

మా బోటి కవలలంటే ఒకే పిండం రెండుగా విడిపోయి పుట్టినవాళ్ళు. నా రూమ్మేట్‌కి ఇక్కడి భీమేశ్వరుడి గుడి చూపించి ఇది చెప్పాను. తారకాసురుడి మెడలోని లింగం ముక్కలై ఐదు చోట్ల పడి పంచారామాలు అయ్యాయంటారు కదా, చోట్లు ఐదైనా రాయి ఒకటే. మేమూ అంతే. వాడి రక్తంలో ఉన్నది నా రక్తంలో ఉండి తీరుతుంది. అమ్మకీ నాయనకీ ఆ జన్యువు ఒక్కొక్కటి ఉంది, వాళ్ళకి జబ్బు లేదు. అలాంటి ఇద్దరికి పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మా ఇద్దరికీ కలిపి ఒక్కసారే చీటీ తీసినట్టు.

పరీక్ష చేస్తే నాకూ ఉందని తేలింది. ముందు వేలికి సూది గుచ్చి చూశారు, తర్వాత నరంలోంచి రక్తం తీసి ఖాయం చేశారు. వేలి మీద ముద్ర నాది, లోపల రక్తం వాడిది. ఇప్పుడు రోజూ హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ యాసిడ్ మాత్రలు, అప్పుడప్పుడు రక్తపరీక్ష. చల్లగాలికి దూరం. నీళ్ళు బాగా తాగాలి. కాకినాడ రైల్లో నా రెండు లీటర్ల బాటిల్ చూసి స్నేహితులు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మన దేశంలో ఈ జబ్బుని మొదట 1952లో నీలగిరి ఆదివాసుల్లోనే గుర్తించారు. నలభై ఏళ్ళలోపు వాళ్ళందరికీ పరీక్షలు చేసి, 2047 నాటికి దీన్ని లేకుండా చెయ్యాలని కేంద్రం మిషన్ మొదలుపెట్టింది 2023 జులై 1న. మధ్యలో 71 ఏళ్ళు. మా చిన్నోడు ఆ మధ్యలో పోయాడు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా చెల్లి. దాన్ని మా మేనమామ కొడుక్కి ఇవ్వాలని మాట నడుస్తోంది. పరీక్షలో దానికి జబ్బు లేదు గానీ, అమ్మలాగే ఒక జన్యువు ఉంది. బావ ఇంకా పరీక్ష చేయించుకోలేదు. అమ్మ పుట్టింటివాడు కాబట్టి బావకీ ఉండొచ్చు. ఈ మాట ఎత్తితే మామకి కోపం వచ్చింది. "రక్తం చూసి పిల్లనిస్తార్రా? మీ అమ్మని మీ నాయనకిచ్చినప్పుడు మేం చూశామా?" అన్నాడు. అమ్మ అక్కడే ఉంది. ఏం మాట్లాడలేదు. చెల్లికి బావంటే ఇష్టం, అది నాతో మాట్లాడటం మానేసింది.

వచ్చే ఆదివారం ఊరెళ్తున్నాను. ముందు బావని ఒక్కణ్ణే పక్కకి తీసుకెళ్ళి మాట్లాడదామనుకుంటున్నా. చిన్నోడి కాగితం కూడా పట్టుకెళ్తున్నా. మీలో ఎవరైనా ఇంట్లో ఇలాంటి మాట ఎత్తి ఉంటే, ఎవరితో ఎలా మొదలెట్టారో రాయండి. శనివారం రాత్రి లోపు రాస్తే మేలు, మా ఊళ్ళో సిగ్నల్ ఉండదు.