మా యింటి నోళ్ళు

మా నివాసము కాణిపాకము. చిత్తూరునకు సుమారు 11 కిలోమీటర్ల దూరమున, బాహుదానది యొడ్డున, బావిలో స్వయంభువై వెలసిన వరసిద్ధి వినాయకస్వామి క్షేత్రమిది. ఈ స్వామి యెదుట బొంకినవాడు బాగుపడడని మా సీమలో గట్టి నమ్మకము. అప్పుల తగవులు, దొంగతనపు నిందలు, అన్నదమ్ముల యనుమానములు న్యాయస్థానమున కెక్కక మునుపే స్వామి సన్నిధికి వచ్చి తీఱుట కలదు. సారాయము మానెదమని యొట్టు పెట్టుకొనుటకు వచ్చు పురుషులును, వారిని చేయిపట్టి తీసికొనివచ్చు భార్యలును మాకు కొత్తవారు కారు.

ఇట్టి యూర కాపురము చేయుచు, మొన్నటి మాఘమాసమున నేనొక రాత్రి చేయరాని పని చేసితిని.

మా వారు ఉపాధ్యాయులు. మా పిల్లవానికి ఎనిమిదవ యేడు. అన్నము తినినపిమ్మట బెల్లపుముక్క చప్పరించుచు పక్కమీదికి పోవుచున్నవానిని, "పండ్లు తోముకున్నావా?" యని యడిగితిని. "తోముకున్నానమ్మా" యనెను. పెరటిలోనికి పోయి చూతును గదా, వాని బ్రష్షు ఎండి కఱ్ఱవలె నున్నది. కోపము పట్టలేక, "రేపు స్వామి ముందర ప్రమాణం చేస్తావా?" యంటిని. వాని మొగము వాడిపోయెను. మంచముమీద నొరిగియున్న మా యత్తగారు లేచి కూర్చుండి, "పసిబిడ్డతో ప్రమాణమేందమ్మా! పండ్లపుల్లకు కూడా దేవుణ్ణి పిలుస్తారా?" యని నన్ను మందలించిరి. ఆమె మందలింపు న్యాయమే. పిల్లవాడు మాత్రము ఆ సందు విడువక, "అవ్వ రాత్రిపూట తోముకోదు గదా, ఆమెనేమీ అనవే?" యనెను.

ఆ మాటకు నాకు సమాధానము లేకపోయెను.

రాత్రి పండ్లు తోముట వ్యాపారప్రకటనలవారు కల్పించిన కొత్త మర్యాదయని మా యత్తగారి మతము. పెక్కుమంది పెద్దలదియు నదియే. నా చిన్ననాట మా తండ్రిగారు నాకు ఇంటనే అమరమును, కావ్యములను, వైద్యమందు అభిరుచి గలవారగుటచే అష్టాంగహృదయములోని దినచర్యాధ్యాయమును చెప్పిరి. ఉదయమున నొకమాఱు, భుజించిన తరువాత నొకమాఱు దంతధావనము చేయవలెనని వాగ్భటుడు విధించినాడు. చరకుడును రెండు కాలములనియే చెప్పినాడు. పుల్ల చిటికెనవ్రేలి కొనంత లావుండవలెను, పండ్రెండంగుళముల పొడవుండవలెను, వగరో కారమో చేదో గలదై యుండవలెను, చిగుళ్ళకు నొప్పి కలుగనీయరాదు. మఱ్ఱి, చండ్ర, కానుగ, మద్ది మొదలగువానిని వాగ్భటుడు పేర్కొనినాడు. జిల్లేటిని గూడ చేర్చినాడు గాని, దాని పాలు నోటికి సోకనిండని నేను చెప్పజాలను. చేదుపుల్లలలో వేప శ్రేష్ఠమనినవాడు సుశ్రుతుడు. ఇన్ని నియమములలో మనము వేపపుల్లను, ఉదయకాలమును మాత్రము నిలుపుకొని, రెండవపూటను ఎక్కడనో జాఱవిడిచితిమి.

ఆ రెండవపూటయే ముఖ్యమని నేటి వైద్యులందురు. పగలెల్ల నోటిని కడుగుచుండునది మన లాలాజలము. నిద్రలో అది తగ్గిపోవును. పండ్లసందుల నిలిచిన తీపిని సూక్ష్మజీవులు పులియబెట్టి యామ్లముగా మార్చును. ఆ యామ్లము పంటిపైనున్న గట్టి పింగాణిపొరను కొంచెము కొంచెముగా కరగించును. తీపి యెంత తింటిమనుటకంటె ఎన్ని మాఱులు తింటిమనుటయే యెక్కువ లెక్క. మాది చెఱకు పండు సీమ, బెల్లము వండు సీమ, పైగా క్షేత్రము. ప్రసాదముల లడ్డూలు, ఉండ్రాళ్ళు, వచ్చిన చుట్టముల మిఠాయిపొట్లములు, ఇన్నిటి నడుమ మా పిల్లల నోరు ఖాళీగా నుండు గడియ లెన్ని?

మఱునాటి యుదయమున పిల్లవానిని వాకిట నిలువబెట్టి, సెల్‌ఫోను దీపము వెలిగించి వాని నోరు చూచితిని. ఎనిమిదేండ్లలో అదియే మొదటిసారి యని వ్రాయుటకు సిగ్గగుచున్నది. బిడ్డల తలలో పేలు చూతుము, గోళ్ళు చూతుము, దిష్టి తీయుదుము. నోరు మాత్రము అన్నము పెట్టుటకే గాని చూచుటకు కాదనుకొందుము. క్రింది దవడయందు లోపల రెండు నల్లని గుంటలు కనబడినవి.

"పాలపండ్లే గదా, ఊడిపోతాయిలే" యనిరి అత్తగారు. నేనును అట్లే యనుకొంటిని. చిత్తూరున దంతవైద్యురాలు చూపినదాక నాకు తెలియలేదు. ఆ రెంటిలో వెనుకటిది పాలపన్ను కానే కాదు. ఆఱవయేట దవడ చివర నొక పెద్దపన్ను మొలచునట. అది యే పాలపంటిని త్రోయదు. ఏ పన్నును ఊడదు. కావున తల్లులు గమనింపరు. అది యా జన్మాంతము నమలవలసిన పన్ను. ఇక లోపలి పాలదంతములన్ననో, పది పండ్రెండేండ్ల వఱకు నుండి, రానున్నవానికి చోటు కాపాడును. అవి ముందే పుచ్చిపోయినచో వెనుకవి వంకరపోవును. సంక్రాంతినాడు వాని ముందుపన్ను ఊడినప్పుడు దానిని పేడముద్దలో పెట్టి ఇంటికప్పుపై విసరి ముచ్చటపడితిమి. ఊడిన పంటికి చేసిన మర్యాద, మొలచిన పంటికి చేయమైతిమి.

ఆ గుంటలను శుభ్రపఱచి పూడ్చిరి. అది గంట పని. నేను చెప్పదలచినది ఆ తరువాతిది.

ఇంటికి వచ్చి, చేతిలోని దీపమును ఆర్పకయే, "అత్తమ్మా, మీరూ ఒకసారి నోరు తెరవండి" యంటిని. కోడలు అత్తగారిని నోరు మూయుమనుట ఎంత తప్పో, తెఱువుమనుటయు నంత తప్పువలెనే మా యింట వినబడినది. "నాకేం మిగిలినాయని చూస్తావు? మా స్వామికీ ఒక్కటే దంతం గదా" యని నవ్వి తప్పించుకొనజూచిరి. మా వారు పుస్తకమునుండి తలయెత్తక, "ఆయన భారతం రాయడానికి విరుచుకున్నాడమ్మా, నీవేం రాసినావు?" అనిరి. పిల్లవాడు అవ్వ మోకాళ్ళు పట్టుకొని, "నేను తెరిచినా గదా అవ్వా" యనెను. వాని కోసము తెఱచిరి.

ఎడమబుగ్గ లోపల, నలువదియేండ్లుగా వక్కాకును పొగాకును ఉంచుకొను చోట, బొటనవ్రేలి గోరంత తెల్లని మచ్చ యున్నది. దాని యొక యంచు ఎఱ్ఱగా నున్నది. వ్రేలితో తుడిచినను పోలేదు. ఎన్నాళ్ళనుండి యని యడుగగా, "కార్తీకం నుంచీ కారం తింటే మండుతుంది. వేడిలే" యనిరి. నాకు గుండె జాఱిపోయెను. నాలుగు నెలలుగా ఆమె కారము, పచ్చడి మాని, మజ్జిగతో సంగటి తినుచుండిరి. వయసున కది మంచిదే యని నేను సంతోషించితిని. నలుగురిలో మెచ్చుకొంటిని గూడ. వడ్డించినది నేను. ఎందుకు మానిరని యడుగనిదియు నేనే.

చిత్తూరు వైద్యురాలు భయపెట్టలేదు, ఊరడింపను లేదు. వేలూరునకు చీటి వ్రాసి యిచ్చిరి. అచ్చట మచ్చనుండి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిరి. ఫలితము వచ్చుటకు పదిదినములు పట్టినది. ఆ పదిదినములు మా యింట ఎవరును గట్టిగా మాటలాడలేదు. అది క్యాన్సరు కాదనియు, కాని కణములలో మార్పు మొదలైనదనియు, పొగాకును వక్కను బొత్తిగా మానవలెననియు, మూడేసి నెలలకు వచ్చి చూపవలెననియు చెప్పిరి.

సోదరీమణులారా, పొగాకు చెడ్డదని యందఱు ఎఱుగుదురు. వక్క మాత్రము తాంబూలమున నున్న మంగళద్రవ్యమని విడిచిపెట్టుదుము. పొగాకు లేని తాంబూలమును, ఒంటివక్కయు క్యాన్సరునకు హేతువులని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ 2004లో ప్రకటించినది. వక్క యెక్కువగా నమలువారికి బుగ్గలు బిగిసి, నోరు తెఱచుకొనుటయే కష్టమగు వ్యాధి వచ్చును. మన తెలుగుదేశముననే, శ్రీకాకుళము ప్రాంతపు పల్లెలలో స్త్రీలు చుట్టను నిప్పువైపు నోటిలో నుంచుకొని త్రాగు అడ్డపొగ యలవాటును గూర్చి వినియేయుందురు. 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు చూచి, అడ్డపొగ వలన అంగిలికి కలుగు మార్పులను వైద్యులు 1971లో ప్రచురించిరి. పొగాకు కలిపిన పండ్లపొడిని, పేస్టును మన ప్రభుత్వము 1992లో నిషేధించినది. అనగా అంతవఱకు పండ్లు శుభ్రపఱచుకొనుటకని పొగాకునే రాచుకొనిన తల్లులు ఎందఱో. నోట పుండు గాని, తెలుపు ఎఱుపు మచ్చ గాని రెండువారములలో మానకున్నచో, నొప్పి లేకున్నను, వైద్యునకు చూపవలెను. నొప్పి లేదను ధైర్యమే మా యింట నాలుగు నెలలు తినివేసినది.

స్వామి సన్నిధిని ప్రమాణము చేయించిన సరిపోవునని మా వారి ఆలోచన. అత్తగారు ఒప్పుకొనలేదు. "స్వామి ముందర ఒట్టేసి తప్పితే పాపం. వేయకుండా తప్పితే సిగ్గు. సిగ్గు చాలు నాకు" అనిరి. అనుచునే వక్కాకు సంచి తెచ్చి నా చేతిలో పెట్టిరి. ఆ తరువాత రెండుసార్లు తప్పిరి. ఒకసారి చీర ముడిలో పొగాకు తునక నాకు దొరికినది. నేను మాటలాడలేదు, ఆమెయు మాటలాడలేదు. సాయంకాలము తామే దానిని తీసికొనిపోయి దిబ్బపై పాఱవేసిరి. ఇప్పుడు ఆ సంచిలో సోపు, ఏలకులు, లవంగములు ఉన్నవి.

ఇది తెలిసినది మొదలు ఇరుగుపొరుగు స్త్రీలు వచ్చి ఒక్కొక్క ప్రశ్న యడుగుచున్నారు. చంటిబిడ్డ సంగతి యడిగినవారికి నేను చెప్పునది: పాలు త్రాగిన పిదప తడిగుడ్డతో చిగుళ్ళు తుడువుడు, చక్కెరపాల సీసా నోటబెట్టి నిద్రపుచ్చకుడు, మొదటి పన్ను మొలచిననాడే మెత్తని బ్రష్షు కొనుడు. ఫ్లోరైడు గల పేస్టు మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆఱేండ్ల వఱకు బఠానీగింజంత చాలును. మ్రింగకుండ చూడుడు. ఫ్లోరైడు అనగానే మనవారు ఉలికిపడుదురు, కారణము లేకపోలేదు. నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములందు బావినీటిలోని ఫ్లోరైడు వలన పండ్లు మచ్చలుపడుట, ఎముకలు బిగిసిపోవుట 1937లోనే వైద్యులు వ్రాసిరి. నల్లగొండ వారి కష్టము లోకమంతటికి తెలిసినదే. త్రాగునీట లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటరాదు. త్రాగు నీట మితిమీఱినది విషము. బ్రష్షుపై గింజంత యుంచి యుమిసివేసినది పంటికి కవచము. మీ బావినీటిని పరీక్ష చేయించి తెలిసికొనుడు.

మా తండ్రిగారికి చక్కెరవ్యాధి; చిగుళ్ళవాపు దానిని పెంచును, అది చిగుళ్ళవాపును పెంచును. ఆయన కట్టుడుపండ్లతోనే నిద్రించెడివారు, రాత్రి తీసి, కడిగి, నీళ్ళలో నుంచవలెనని చెప్పగా, "దొంగలెత్తుకుపోతే?" యని యడిగిరి. మూతగల గిన్నె యొకటి కొనియిచ్చితిని. పైపన్ను పీకించిన కన్ను పోవునని యింకను నమ్మువారున్నారు. పోదు.

వైశాఖమున మరల వేలూరు పోయితిమి. మచ్చ పలుచబడినది, పోలేదు. ఎఱుపు తగ్గినది. శ్రావణమున రమ్మనిరి. ఇప్పుడు నెలకొకసారి, మొదటి యాదివారమున, మా యింటివారందఱు వాకిట వరుసగా కూర్చుండి నోరు తెఱతురు. దీపము పట్టుట పిల్లవాని పని. మొన్న అందఱివి చూచి దీపమార్పబోవుచుండగా అత్తగారు నా చేయి పట్టుకొని, "నీది ఎవరు చూసేది?" యనిరి.

నేను తెఱచితిని. పిల్లవాడు కడుపున నున్నప్పుడు చిగుళ్ళు కారి, నొప్పి పుట్టి, ఒకచోట నాకొక దవడపన్ను పీకివేసిరి. బిడ్డ తల్లి పంటిలోని సున్నమును లాగుకొనును, ప్రతి కాన్పునకు పన్ను పోవుట సహజమని అందఱు చెప్పగా నేనును ఊరకుంటిని. అది నిజము కాదనియు, గర్భిణికి ఆ కాలమున చిగుళ్ళు సులభముగా వాచుననియు, నడిమి నెలలలో నిశ్చింతగా చికిత్స చేయించుకొనవచ్చుననియు నాకిప్పుడు తెలియును. అత్తగారు ఆ ఖాళీని చాలసేపు చూచిరి. తరువాత వ్రేలితో చిగురు మెల్లగా నొక్కి, వ్రేలికంటిన నెత్తుటిని నాకు చూపి, "ఇన్నాళ్ళూ నాది మాత్రం చూస్తివి" యనిరి.

సోమవారము చిత్తూరు పోవలెను. తోడు తామే వత్తుమనుచున్నారు.